చెవికి తెలిసిన హంతకులు

ఇటలీ సినిమా అనగానే మనకు ముందుగా తట్టేది డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్'. ఆ వెంటనే రొసెల్లినీ, ఫెలినీ, ఆంటోనియోనీల పేర్లు వస్తాయి. అదే దేశంలో, అదే రోమ్ నగరంలో, చాలాసార్లు ఆ మహామహులతో పనిచేసినవారి చేతుల మీదుగానే తయారైన హత్యాకథల సినిమాలనూ, భయానక చిత్రాలనూ మాత్రం మన సినిమా చర్చల్లో గడప దాటి లోపలికి రానివ్వం. నల్లతొడుగు వేసుకున్న చెయ్యి, మెరిసే కత్తి, ఒక కేక, ఇంతే కదా అని పక్కన పెట్టేస్తాం. ఆ తీర్పు సరైంది కాదని చెప్పడానికే ఈ ప్రసంగం. 1960ల మొదట్నుంచి 1970ల చివరిదాకా వచ్చిన ఈ సినిమాల్లో మేలైనవి అపరాధ పరిశోధన కథ అడిగే ప్రశ్ననే మార్చేశాయి. 'చంపింది ఎవరు' అన్నది పాత ప్రశ్న. 'నువ్వు చూసింది ఏమిటి' అన్నది వీటి ప్రశ్న. దానికి జవాబు వెతకడంలో ఇవి కంటిని శంకించాయి, చెవిని నమ్మాయి. అందుకే రేడియోలో మాట్లాడుకోవడానికి ఇవి తగినవని నా నమ్మకం. ముందుగా ఒక మాట. వాదన నిలబడాలంటే కథల గుట్టు విప్పక తప్పదు. హంతకులెవరో చెప్పేస్తాను. గుట్టు తెలిశాక కూడా ఈ సినిమాలు పట్టు కోల్పోవు, అదే నా వాదనకు మొదటి ఆధారం.

ఈ తరహాను ఇటలీవాళ్లు జాలో అంటారు. మిలాన్‌కు చెందిన మొందదోరి ప్రచురణ సంస్థ 1929లో పసుప్పచ్చ అట్టలతో డిటెక్టివ్ నవలల వరస ఒకటి మొదలుపెట్టింది. ఆ రంగు పేరే కాలక్రమంలో ఆ కథలన్నిటికీ పేరైంది. ముస్సోలినీ ప్రభుత్వానికి ఈ నవలలు నచ్చలేదు. 1941లో ఆగిపోయిన ఆ వరస మళ్లీ యుద్ధం ముగిశాకే బయటికొచ్చింది. అందులో ఎక్కువ భాగం ఇంగ్లండు, అమెరికా రచయితల నవలల అనువాదాలు. వాటి ఒప్పందం ఏమిటో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదివిన తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. మనందరి కంటే బాగా చూడగలిగినవాడు ఒకడుంటాడు. అందరూ చూసిన గదినే అతనూ చూస్తాడు, కానీ సరిగ్గా చూస్తాడు. చివరి అధ్యాయంలో చిక్కులన్నీ విడిపోతాయి, పాఠకుడు నిశ్చింతగా పుస్తకం మూస్తాడు. లోకం కంటికి లొంగుతుందన్న భరోసా ఆ నవలలది. ఇటాలియన్ దర్శకులు ఆ నవలల సరంజామానంతా తీసుకుని, భరోసాను మాత్రం వదిలేశారు.

ఆ వదిలెయ్యడం మారియో బావాతో మొదలైంది. బావా 1914లో పుట్టాడు. తండ్రి యుజేనియో మూకీ సినిమాల కాలం నాటి కెమెరామన్, ట్రిక్ దృశ్యాల్లో ఆరితేరినవాడు. కొడుకు కూడా చాలాకాలం కెమెరామన్‌గానే ఉన్నాడు. 1957లో రికార్డో ఫ్రెదా 'ఇ వాంపీరి' అనే చిత్రం తీస్తూ మధ్యలో వదిలేసి వెళ్లిపోతే, కెమెరా చూస్తున్న బావాయే దాన్ని పూర్తిచేశాడు. టాకీల యుగంలో ఇటలీ తీసిన మొదటి భయానక చిత్రంగా దాన్నే చెబుతారు. అందులో అందగత్తె అయిన ఒక దొరసాని మన కళ్లముందే, ఒక్క కోత కూడా లేకుండా, ముసలిదైపోతుంది. బావా చేసిందల్లా ఆమె ముఖం మీద రంగులతో ముడతలు ముందే గీయించి ఉంచడం. దీపం ముందు ఒక రంగు ఫిల్టరు ఉన్నంతసేపు ఆ ముడతలు నలుపు తెలుపు ఫిల్ముకి కనబడవు. ఫిల్టరు మారగానే బయటపడతాయి. ముఖం మారలేదు, దాని మీది వెలుతురు మారింది. ఒక సాంకేతిక చమత్కారంగా దీన్ని మెచ్చుకుని ఊరుకుంటే అన్యాయం చేసినట్టే. తర్వాత ఇరవై ఏళ్ల ఇటాలియన్ భయానక సినిమాకు ఇదే పునాది. ముడతలు మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి. మనకు కనబడలేదు, అంతే.

1963లో బావా తీసిన 'ది గర్ల్ హూ న్యూ టూ మచ్' అదే సంగతిని కథగా మలిచింది. హత్యా నవలలు తెగ చదివే ఒక అమెరికన్ అమ్మాయి రోమ్‌కు వస్తుంది. రాత్రివేళ దొంగ దెబ్బకు సగం స్పృహ తప్పి, స్పానిష్ మెట్ల దగ్గర ఒక స్త్రీ కత్తిపోటుతో పడిపోవడం చూస్తుంది. ఒక మగవాడు ఆ కత్తిని బయటికి లాగుతాడు. అతనే హంతకుడని ఆమె అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. చంపింది అతని భార్య. మరుసటి ఏడు వచ్చిన 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్'లో రంగులు చేరాయి. ఒక ఫ్యాషన్ దుకాణం, అక్కడి మోడల్స్ ఒకరి తర్వాత ఒకరు హతమవుతుంటారు. హంతకుడి ముఖం మీద తెల్లని గుడ్డ, ముఖమంటూ లేనట్టే. పాత వస్తువుల కొట్టులో జరిగే హత్యలో ఆకుపచ్చ, ఊదా, గులాబి రంగుల వెలుతురు పడుతుంది. ఆ వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో గదిలో ఎక్కడా ఆధారం ఉండదు. అనుమానితులైన మగవాళ్లందర్నీ పోలీసులు నిర్బంధంలో పెట్టిన రాత్రే మరో హత్య జరుగుతుంది. ఎందుకంటే హంతకులు ఇద్దరు, రెండో వ్యక్తి ఆ దుకాణం యజమానురాలు. హంతకుడంటే మగవాడే అన్న నమ్మకం పోలీసుల కళ్లకు గంతలు కట్టింది.

బావా వేసిన ఆ బాటలో నడిచి, దాన్ని రాజమార్గం చేసినవాడు దారియో అర్జెంతో. రోమ్ దినపత్రికలో సినిమా సమీక్షలు రాసినవాడు, సెర్జియో లియోనె తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' కథలో బెర్తొలూచీతో కలిసి పాలుపంచుకున్నవాడు. 1970లో అతని మొదటి చిత్రం 'ది బర్డ్ విత్ ది క్రిస్టల్ ప్లూమేజ్' వచ్చింది. రోమ్‌లో ఉంటున్న ఒక అమెరికన్ రచయిత రాత్రి నడిచి వెళుతూ, అద్దాల గోడలున్న ఒక చిత్రకళా మందిరంలో పెనుగులాట చూస్తాడు. నల్లకోటు వేసుకున్న మనిషి ఒకరు, తెల్లబట్టల్లో ఒక స్త్రీ, వాళ్ల మధ్య కత్తి. పరుగున లోపలికి వెళతాడు. ముందరి అద్దం తలుపు వెనకనుంచి మూసుకుపోతుంది, లోపలి అద్దం తలుపు తెరుచుకోదు. రెండు అద్దాల నడుమ చిక్కుకుపోయి, నెత్తురోడుతూ నేల మీద పాకుతున్న ఆ స్త్రీని అలా చూస్తూ ఉండిపోతాడు. అన్నీ కనబడతాయి, ఏమీ వినబడదు. ఈ దృశ్యం కట్టుబాటును గమనించండి. సాక్షికి కావలసినంత వెలుతురు ఉంది, అడ్డం లేని చూపు ఉంది, తెరలాంటి అద్దం ఉంది. సినిమా హాలులో కూర్చున్న ప్రేక్షకుడి పరిస్థితి అచ్చంగా అదే. ఆ రాత్రి చూసినదాంట్లో ఏదో పొసగడం లేదని అతని మనసు పీకుతూ ఉంటుంది. దృశ్యాన్ని పదేపదే గుర్తుచేసుకుంటాడు. చివరికి తెలిసేది ఏమిటంటే, కత్తి ఉన్నది ఆ స్త్రీ చేతిలో. నల్లకోటు మనిషి ఆమె భర్త, ఆపడానికి పెనుగులాడుతున్నాడు. మరి హంతకి ఇంటికి దారి చూపింది ఏది? హంతకుల ఫోను సంభాషణ రికార్డులో, మాటల వెనక, వినబడీ వినబడని ఒక వింత శబ్దం. అది జంతుప్రదర్శనశాలలో ఉన్న ఒక అరుదైన పక్షి అరుపు. ఆ పక్షి ఎక్కడుందో దానికి దగ్గర్లోనే ఆ ఇల్లు. కన్ను గంటకు పైగా దారి తప్పించిన కథను చెవి తిరిగి దారిలో పెట్టింది.

ఇది ఒక్క సినిమాలో కలిసొచ్చిన చమత్కారం అనుకోవచ్చు. కానీ మరుసటి ఏడు అర్జెంతో తీసిన 'ది క్యాట్ ఓ నైన్ టెయిల్స్'లో పరిశోధకుల్లో ఒకడు అంధుడు. కార్ల్ మాల్డెన్ పోషించిన ఆ పాత్ర పత్రికలకు పదకేళీలు కూర్చుకునే మనిషి. వీధిలో ఆగిన కారు పక్కనుంచి నడుస్తూ, లోపలి మాటలు విని అందులో బెదిరింపు ఉందని పసిగడతాడు. కథంతా ఆ వినికిడి నుంచే పుడుతుంది. అదే ఏడాది వచ్చిన 'ఫోర్ ఫ్లైస్ ఆన్ గ్రే వెల్వెట్'లో ఇందుకు తిరగేసిన పరీక్ష జరుగుతుంది. చనిపోయిన మనిషి కంటిపొరలో చివరి దృశ్యం నిలిచి ఉంటుందన్న పాతకాలపు ఊహను పట్టుకుని పోలీసులు ఆ దృశ్యాన్ని ఫోటో తీస్తారు. అందులో నాలుగు ఈగల్లాంటి ఆకారాలు కనబడతాయి, ఎవరికీ ఏమీ అర్థం కాదు. నిజానికి అది హంతకి మెడలో ఊగుతున్న ఒకే ఒక్క లాకెట్టు. కన్ను చివరి క్షణంలో ఇచ్చిన వాంగ్మూలం కూడా ఒకటిని నాలుగు చేసింది.

అన్నిటికీ మించి 1975 నాటి 'డీప్ రెడ్' ఉంది. ఈ తరహా మొత్తంలో ఒక్క సినిమానే ఎంచుకోమంటే నేను సందేహించకుండా దీన్నే చూపిస్తాను. డేవిడ్ హెమ్మింగ్స్ ఇందులో పియానో వాద్యకారుడు. అంతకు తొమ్మిదేళ్ల ముందు ఆంటోనియోనీ తీసిన 'బ్లో అప్'లో ఒక హత్యను ఫోటో తీశానో లేదో తేల్చుకోలేని ఫోటోగ్రాఫరు పాత్ర వేసింది ఇతనే. ఆ నటుణ్ణి కావాలని తెచ్చుకుని, ఆ ప్రశ్నను అర్జెంతో మళ్లీ అడిగాడు. వాద్యకారుడు రాత్రివేళ తూరిన్ నగర కూడలిలో నిలబడి, పై అంతస్తు కిటికీలో పొరుగింటావిడ హత్యను చూస్తాడు. మెట్లెక్కి ఆమె ఇంట్లోకి పరిగెడతాడు. పొడవాటి నడవ, గోడలనిండా వికృతమైన ముఖాల చిత్రపటాలు. లోపల శవం. పోలీసులు వచ్చి వెళ్లాక అతనికి ఒక అనుమానం పట్టుకుంటుంది. తాను మొదట పరిగెత్తినప్పుడు ఉన్న పటం ఒకటి తర్వాత లేదు. ఆ మాయమైన పటం కోసం సినిమా అంతా వెతుకుతాడు. పటం ఎప్పుడూ లేదు. అక్కడున్నది అద్దం. ఆ అద్దంలో, పటాల్లోని ముఖాల మధ్య మరో ముఖంలా, నడవలో దాక్కున్న హంతకి ముఖం అతనికి కనబడింది. ఆమె అతని స్నేహితుడి తల్లి. ఆ పాత్ర వేసిన క్లారా కలమాయి 1943లో విస్కోంతి తొలిచిత్రం 'ఒసెస్సియోనె'కి కథానాయిక.

ఇక్కడే ఒక ఆక్షేపణ వస్తుంది. ప్రేక్షకుణ్ణి మభ్యపెట్టి చివర్లో గుట్టు విప్పడం గొప్పతనమా, గారడీయా అని. గారడీవాడు దాస్తాడు. అర్జెంతో దాచలేదు. కథానాయకుడు పరిగెత్తినప్పుడు కెమెరా కూడా ఆ నడవలో నడిచింది, అద్దం తెరమీదికి వచ్చింది, అందులో ముఖం నిజంగానే ఉంది. కావాలంటే రెండోసారి ఆపి చూసుకోవచ్చు. ఆధారాలన్నీ పాఠకుడి ముందు పెట్టాలన్నది డిటెక్టివ్ నవలాకారులు గొప్పగా చెప్పుకునే నియమం. హంతకి ముఖాన్నే మొదటి అరగంటలో చూపించిన నవలాకారుడు ఎవరున్నారు? మనం చూడలేకపోవడానికి కారణం చీకటి కాదు, తొందర. పటాల మధ్య ఉన్నది పటమే అని మనసు ముందే నిర్ణయించుకుంది. ఆంటోనియోనీ ఆ ప్రశ్నను జవాబు లేకుండా వదిలేసినందుకు అది కళాఖండమైంది. అర్జెంతో ఆ ప్రశ్నకు జవాబు మన కళ్లముందే పెట్టి, మనం చూడలేదని నిరూపించాడు. ఇది తక్కువ సాధన అని నేను ఒప్పుకోలేను. కథానాయకుడు సంగీతజ్ఞుడు కావడం కూడా యాదృచ్ఛికం కాదు. హత్య చెయ్యబోయే ముందు హంతకి ఒక పిల్లల పాట టేపు మీద వినిపిస్తుంది. అతను ఇంట్లో పియానో ముందు కూర్చుని ఉండగా ఆ పాట వినబడుతుంది. ఎవరో వచ్చారని గ్రహించి, వాయించడం ఆపకుండానే తప్పించుకునే దారి చూసుకుంటాడు. కంటితో చూసిన రాత్రి అతనికి ఏమీ తెలియలేదు. చెవితో విన్న రాత్రి అతను బతికాడు.

శబ్దానికి ఈ సినిమాల్లో ఇంత పెద్దపీట ఎందుకు దక్కింది? జవాబు ఇటాలియన్ స్టూడియోల పని పద్ధతిలో ఉంది. ఆ రోజుల్లో అక్కడ షూటింగులో పట్టిన శబ్దాన్ని సినిమాలో వాడడం అరుదు. ఈ చిత్రాలు చాలావరకు జర్మనీ, స్పెయిన్, ఫ్రాన్స్ నిర్మాతలతో కలిసి తీసినవి. ఒకే సన్నివేశంలో ఒకరు ఇంగ్లీషులో, ఒకరు ఇటాలియన్‌లో, మరొకరు జర్మన్‌లో డైలాగు చెబుతారు. తర్వాత డబ్బింగ్ థియేటర్లో గొంతులన్నీ కొత్తగా కలుపుతారు. తెరమీద ఒక నటి, వెనక మరొకరి గొంతు కావడం మన తెలుగువాళ్లకూ కొత్తేమీ కాదు. విమర్శకులు దీన్ని లోపంగానే లెక్కేశారు. పెదవులకూ మాటలకూ పొంతన కుదరదనీ, మనుషులు కీలుబొమ్మల్లా ఉంటారనీ అన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు, చిన్న చిన్న చిత్రాల్లో ఆ పొంతన లేమి నిజంగానే ఇబ్బంది పెడుతుంది. కానీ మరో కోణం చూడాలి. అడుగుల చప్పుడు, తలుపు కిర్రు, ఊపిరి, వాన, ఏదీ దానంతటది వచ్చి పడదు. ప్రతిదీ ఎవరో ఎంచి పెట్టాల్సిందే. బొమ్మకు తోకలా వెళ్లాల్సిన పని తప్పాక శబ్దం తన సొంత సాక్ష్యం చెప్పుకోవడం నేర్చుకుంది. అర్జెంతో తొలి మూడు చిత్రాలకూ సంగీతం ఇచ్చిన ఎన్నియో మొర్రికోనె ఈ అవకాశాన్ని వెంటనే పట్టుకున్నాడు. పసిపాపను జోకొట్టేలాంటి తీయని ఆడగొంతు రాగం ఒక పక్క, శ్రుతి తప్పించి వదిలిన వాద్యాల గోల మరో పక్క పెట్టి, ఏది ప్రమాదమో తేల్చుకోమని మనల్ని వదిలేస్తాడు. 'డీప్ రెడ్' నుంచి గాబ్లిన్ అనే రాక్ బృందం వచ్చింది.

గాబ్లిన్ సంగీతం సంపూర్ణంగా వికసించింది 1977 నాటి 'సస్పిరియా'లో. దాన్ని చూసినవాళ్లంతా ముందుగా రంగుల గురించే మాట్లాడతారు. మాట్లాడక తప్పదు కూడా. కెమెరామన్ లుచానో తొవోలి, అప్పటికే ఆంటోనియోనీ 'ది ప్యాసింజర్' తీసినవాడు, డిస్నీ 'స్నో వైట్' రంగుల్ని మనసులో పెట్టుకుని, పాత టెక్నికలర్ పద్ధతిలో ప్రింట్లు వేయించి, ఎరుపునూ నీలాన్నీ గోడలమీద కుమ్మరించాడు. అయితే కథను విప్పేది ఆ రంగులు కావు. అమెరికా నుంచి జర్మనీలోని నృత్య పాఠశాలకు వచ్చిన సూజీ విమానాశ్రయం తలుపు దగ్గరికి వస్తుంటే, తలుపు తెరుచుకున్నప్పుడల్లా సంగీతం వినబడుతుంది, మూసుకుంటే ఆగిపోతుంది. ప్రమాదం బయట కాచుకుని ఉందని చెవికి మొదటి నిమిషంలోనే చెప్పేశారు. వానలో పారిపోతున్న అమ్మాయి ఒకతె గుమ్మంలో నిలబడి అరిచిన మాటలు సగమే వినబడతాయి. ఆ మాటలు పూర్తిగా గుర్తొచ్చిన రోజు రహస్యపు తలుపు తెరుచుకుంటుంది. ఊళ్లో లేదని చెప్పిన ప్రధానాధికారిణి తెర వెనక నిద్రపోతోందని తెలిసేది ఆమె గురకను బట్టి. రాత్రి ఇళ్లకు వెళ్లిపోతున్నామని చెప్పే ఉపాధ్యాయినులు నిజానికి బడి లోపలికే వెళుతున్నారని తెలిసేది అడుగుల చప్పుడు బట్టి. ఒక అమ్మాయి ఆ అడుగుల్ని లెక్కపెట్టి రాసుకుంటుంది. సూజీ ఆ లెక్కనే పట్టుకుని నడుస్తుంది. కళ్లు మిరుమిట్లు గొలిపే ఈ సినిమాలో నమ్మదగిన ఆధారం ఒక్కటైనా కంటికి దొరకదు.

బావా విషయంలో నా మాట ఇంత గట్టిగా నిలవదని ఒప్పుకోవాలి. అతను ఆఖరిదాకా కంటి మనిషే. అర్జెంతో కూడా 1982 నాటి 'టెనెబ్రె'లో పట్టపగటి తెల్లని వెలుతురుకు మళ్లి, భయాన్ని వేరే చోట వెతికాడు. వాదన సూత్రం కాకూడదు కాబట్టి ఇది చెబుతున్నాను.

ఇక కథల్లో తర్కం లేదన్న ఫిర్యాదు. ఇది చాలావరకు నిజం. 1970లో 'క్రిస్టల్ ప్లూమేజ్' డబ్బు చేసుకున్నాక బల్లి, తేలు, సాలీడు అంటూ జంతువుల పేర్లు తగిలించుకుని రెండు మూడేళ్లలో డజన్లకొద్దీ వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం మరిచిపోదగినవే. సెర్జియో మార్తీనో, ఆల్దో లాదో వంటి కొందరి పనిని మినహాయిస్తే ఆ గుంపును నేను సమర్థించను. మంచి చిత్రాల్లో కూడా హంతకుడి కారణాలు ఒక్క ముక్కలో తేల్చిపారేస్తారు, కాకతాళీయాలు కుప్పలు. అయితే ఏ కథకైనా ఏ చోట తర్కం అవసరమో ఆ చోటనే అడగాలి. ఎవరు ఏ రైలెక్కి ఏ ఊళ్లో దిగారన్నది ఈ సినిమాల ప్రాణం కాదు. సాక్షి ఏం చూశాడు, ఏం అనుకున్నాడు, ఈ రెండిటి మధ్య సందు ఎక్కడ పడింది అన్నచోట 'డీప్ రెడ్' తర్కం తాళం వేసినట్టు సరిపోతుంది.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ స్త్రీల గురించినది. దీన్ని తేలిగ్గా దాటెయ్యకూడదు. ఈ సినిమాల్లో అందమైన యువతులు చనిపోతారు, కెమెరా ఆ చావును తొందర లేకుండా, అలంకరించి చూపిస్తుంది. 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్'లో హత్యలు దుస్తుల ప్రదర్శన అంత అందంగా ఉంటాయి. ఆ అందమే నేరం అన్నవాళ్లతో నేను పూర్తిగా విభేదించలేను. లూచో ఫుల్చీ అనే దర్శకుడు 1982లో తీసిన 'ది న్యూయార్క్ రిప్పర్' వంటివాటిలో ఆలోచన పూర్తిగా ఆరిపోయి క్రౌర్యమొక్కటే మిగిలింది. దాన్ని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు. కానీ లెక్కలో రెండో వైపు కూడా చూడాలి. ఇప్పటిదాకా చెప్పుకున్న కథల్ని మళ్లీ తలచుకోండి. 1963లో హంతకి భార్య, 1964లో ఇద్దరిలో ఒకరు యజమానురాలు, 1970లో బాధితురాలనుకున్న స్త్రీ, 1971 నాటి 'ఫోర్ ఫ్లైస్'లో కథానాయకుడి భార్య, 1975లో తల్లి. ప్రతిసారీ సాక్షి పొరబడింది ఒకే చోట. కత్తి మగవాడిది, కన్నీరు ఆడదానిది అన్న అలవాటు దగ్గర. ఆ అలవాటును ప్రేక్షకుడి నుంచే బయటికి లాగి అతనికే చూపించారు. ఇది స్త్రీలకు చేసిన న్యాయం అని నేను అనను. స్త్రీని బొమ్మగా చూసే చూపును వాడుకుంటూనే ఆ చూపు గుడ్డిదని నిరూపించిన సినిమాలు ఇవి. రెండూ ఒకే ఫ్రేములో ఉన్నాయి, ఒకటి చెప్పి ఒకటి దాచడం విమర్శ కాదు. 'టెనెబ్రె'లో ఒక మహిళా విలేఖరి హత్యానవలల రచయితను నీకు ఆడవాళ్లంటే ఎందుకంత ద్వేషమని ముఖం మీదే అడుగుతుంది. ఆ రచయితే చివరికి హంతకుల్లో ఒకడని తేలుతుంది. ఆ ప్రశ్న తనవైపు కూడా చూస్తోందని అర్జెంతోకు తెలుసు.

మరొక మాట కూడా అంటుంటారు, 'బైసికిల్ థీవ్స్' వంటి నియోరియలిజం సినిమాలు పుట్టిన దేశంలో ఇవి సమాజాన్ని పట్టించుకోని వినోదాలని. లూచో ఫుల్చీ 1972లో తీసిన 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్' ఒక్కటి చాలు జవాబుకి. దక్షిణ ఇటలీలో ఒక కొండ ఊరు. మగపిల్లలు వరసగా హత్యకు గురవుతుంటారు. ఊరు ఒక మంత్రగత్తెను అనుమానిస్తుంది. పోలీసులు ఆమె తప్పు లేదని వదిలేస్తారు. ఊరి మగవాళ్లు శ్మశానంలో ఆమెను గొలుసులతో కొడతారు. ఆ కొట్టుడంతసేపూ రేడియోలో పాటలు వస్తుంటాయి, చివరికి ఒర్నెల్లా వనోనీ గొంతులో తీయని ప్రేమగీతం. నెత్తురోడుతూ ఆమె రహదారి దాకా పాక్కుంటూ వస్తుంది. సెలవులకు వెళుతున్న కుటుంబాల కార్లు ఆగకుండా వెళ్లిపోతాయి. పిల్లల్ని చంపింది ఊరంతా గౌరవించే యువ పూజారి, వాళ్లు పెరిగి పాపంలో పడకుండా కాపాడుతున్నానన్న నమ్మకంతో. కొత్త రహదారి ఊరి పక్కనుంచి పోయింది గానీ ఊళ్లోకి రాలేదు. దక్షిణ ఇటలీ వెనకబాటు మీద ఇంత నిర్మొహమాటంగా మాట్లాడిన సినిమాలు ఆ దశాబ్దంలో ఎక్కువ లేవు. ఇక్కడ కూడా ఊరి కన్ను మురికిబట్టల మంత్రగత్తెను చూసింది, తెల్లటి మనసనుకున్న పూజారిని చూడలేదు.

కాలం సంగతి కూడా తలచుకోవాలి. 1969 డిసెంబరు 12న మిలాన్‌లోని పియాత్సా ఫొంతానా బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. పియెత్రో వల్‌ప్రెదా అనే అరాచకవాదిని పట్టుకున్నారు. అతని మీద ప్రధాన సాక్ష్యం, ఆ రోజు అతన్ని బ్యాంకు దగ్గర దించానని గుర్తుపట్టిన ఒక టాక్సీ డ్రైవరు మాట. దాదాపు మూడేళ్లు జైల్లో ఉండి, ఏళ్లు సాగిన విచారణల తర్వాత అతను ఆ కేసు నుంచి బయటపడ్డాడు. కళ్లారా చూశానన్న సాక్షి మాట మీద దేశమంతా రెండుగా చీలి ఉన్న ఆ రోజుల్లో, 1970 ఫిబ్రవరిలో, చూసినదాన్ని తప్పుగా చదివిన సాక్షి కథ 'క్రిస్టల్ ప్లూమేజ్' థియేటర్లకు వచ్చింది. ఆ సినిమా తీసింది బాంబు పేలకముందే కాబట్టి ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందనడం తప్పు. జనం ఎందుకు అంతగా చూశారో తెలుసుకోవడానికి మాత్రం ఈ నేపథ్యం పనికొస్తుంది. 'నేను చూశాను' అన్న మాట అప్పటి ఇటలీలో చాలా ఖరీదైన మాట.

ఈ వెల్లువ ఎందుకు ఆగిందో చెప్పడం తేలిక. 1955లో ఇటలీలో సుమారు 82 కోట్ల సినిమా టికెట్లు అమ్ముడయ్యాయి. ఊరూరా ఉన్న చిన్న హాళ్లకు వారం వారం కొత్త బొమ్మ కావాల్సి వచ్చేది, ఈ సినిమాలను పోషించింది ఆ హాళ్లే. 1976లో రాజ్యాంగ న్యాయస్థానం ప్రైవేటు స్థానిక టీవీ ప్రసారాలకు అనుమతి ఇచ్చాక హాళ్లు ఖాళీ అయ్యాయి. అప్పటికే బీజాలు సముద్రం దాటాయి. బావా 1971లో తీసిన 'ఎ బే ఆఫ్ బ్లడ్'లోని హత్య ఒకటి పదేళ్ల తర్వాత అమెరికన్ 'ఫ్రైడే ది థర్టీన్త్' రెండో భాగంలో దాదాపు యథాతథంగా కనబడింది. అమెరికన్లు కత్తిని తీసుకున్నారు, సాక్షిని వదిలేశారు. ఆ సాక్షిని తిరిగి తెచ్చినది, నా అంచనాలో, బ్రిటిష్ దర్శకుడు పీటర్ స్ట్రిక్‌లాండ్. 2012లో అతను తీసిన 'బెర్బెరియన్ సౌండ్ స్టూడియో' ఒక ఇటాలియన్ భయానక చిత్రానికి శబ్దాలు కలపడానికి వచ్చిన ఇంగ్లీషు సౌండ్ ఇంజనీరు కథ. ఆ భయానక చిత్రం, పేర్లు తప్ప, మనకు కనబడనే కనబడదు. కూరగాయలు నరికే చప్పుళ్లు, కేకలు మాత్రం వింటాం.

చూడాలనుకునే శ్రోతలు 'డీప్ రెడ్'తో మొదలుపెట్టండి. అది రెండు నిడివుల్లో దొరుకుతుంది. రెండు గంటలు దాటే ఇటాలియన్ ప్రతి ఒకటి, విదేశాలకోసం ఇరవై నిమిషాలకు పైగా కోసేసిన ప్రతి మరొకటి. పొడవైనదే చూడండి. కోతలో పోయినవి ఎక్కువగా దారియా నికొలోదీ పోషించిన విలేఖరికీ, కథానాయకుడికీ మధ్య నడిచే సరదా సన్నివేశాలు. చెయ్యి వాల్చే పందెంలో ఆమె అతన్ని ఓడిస్తుంది. ఆమె డొక్కు కారులో కిందికి దిగిపోయిన సీటులో కూర్చుని అతను ఆమెను తలెత్తి చూడాల్సి వస్తుంది. హత్యకు సంబంధం లేదని ఎవరో తీసిపారేశారు గానీ, ఆడది బలహీనురాలన్న అతని నమ్మకాన్ని సినిమా మొదట్నుంచీ ఎలా తవ్వుతూ వచ్చిందో ఆ సన్నివేశాల్లోనే ఉంది. అవి లేకపోతే అద్దంలోని ముఖాన్ని అతను ఎందుకు గుర్తుపట్టలేదో సగమే అర్థమవుతుంది.